సైకిలు వెనుక కట్టిన బ్యాటరీ

ప్రతి కాలమునందును మనుష్యుడు తన ప్రయాణమునకు తోడుగా నిప్పును వెంట గొనిపోవుచునే యున్నాడు. మన తాతలు రాత్రివేళ ఎడ్లబండి క్రింద కిరసనాయిలు లాంతరును వ్రేలాడగట్టుకొని పయనించిరి. సైకిళ్లు వచ్చిన తొలినాళ్లలో కొందఱు హ్యాండిలు ముందు నూనెదీపమును, కొందఱు కార్బైడు దీపమును తగిలించుకొనిరి. ఆ దీపమును మోయువారికి అది నిప్పని తెలియును. మంట కంటికి కనబడుచుండెను. కావున గాజుబుడ్డి పగులకుండ, నూనె తొణకకుండ, బట్ట యంటుకొనకుండ వారు చూచుకొనిరి. నేడు మన పిల్లలు సైకిలు వెనుక మోయు నిప్పు కంటికి కనబడదు. దానికి మంట లేదు, పొగ లేదు, వాసన లేదు. అది యొక చిన్న పెట్టెలో నిద్రించుచున్నట్లుండును. నిద్రించుచున్న దానిని మనము లేపకుండుటయే ముఖ్యము. అందువలన దానినిగూర్చి కొన్ని మాటలు చెప్పవలసియున్నది.

మా పాఠశాల సైకిళ్ల చావడియందు కొన్ని యేండ్లనుండి విద్యుత్సైకిళ్లు కనబడుచున్నవి. వానిలో అంగడినుండి సంపూర్ణముగా కొని తెచ్చినవి కొన్ని. తక్కినవి పాత సైకిళ్లే. చక్రమధ్యమున చిన్న మోటారు నమర్చి, హ్యాండిలునకొక మీట తగిలించి, వెనుక క్యారియరుపై బ్యాటరీని కట్టినవి. దూరగ్రామములనుండి వచ్చు బాలబాలికలకు ఇవి చేయు మేలు ఇంతంత యని చెప్పరాదు. అలసట లేక తరగతిలో కూర్చుండుట, ప్రొద్దు క్రుంకకముందే యిల్లు చేరుట, ఇవి చిన్న లాభములు కావు. కావున ఈ వ్యాసమున మేము విద్యుత్సైకిలును నిందింపబోము. దాని వెనుక బ్యాటరీని మనము కట్టుచున్న తీరునుగూర్చియే మా యాక్షేపణ.

ఈ యాక్షేపణకు కారణమైన సంగతిని ముందు చెప్పెదము. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె పదునొకండు కిలోమీటర్ల దూరముననున్న పల్లెనుండి వచ్చుచుండెను. ఆ పల్లెకు వచ్చు బస్సు పాఠశాల గంటకు అందదు. తండ్రి తాపీపని చేయువాడు. కూతురు చదువు మానరాదను పట్టుదలతో ఆమె సైకిలునకు మోటారు పెట్టించెను. గట్టి పెట్టెలోనున్న బ్యాటరీ వెల యెక్కువ యగుటచే, పలుచని నీలిరంగు ప్లాస్టికు పొర మాత్రము చుట్టబడిన బ్యాటరీని కొనెను. దానినొక గుడ్డసంచిలో పెట్టి, పాత ట్యూబు ముక్కలతో క్యారియరునకు బిగించిరి. ఆ సంచిపై గోనెపట్టా మడిచి వేసి, దానిమీద అయిదవ తరగతి చదువు తమ్ముని కూర్చుండబెట్టుకొని ఆ బాలిక ప్రతిదినమును వచ్చుచుండెను. మేమందఱమును చూచుచునే యుంటిమి. ఎవరును ఒక్కమాటయైన అనలేదు.

గత వర్షకాలమున ఒకనాటి సాయంకాలము తూము దగ్గఱ నీట కప్పబడిన గోతిలో చక్రము పడెను. తడిసిన ట్యూబు జాఱెను. సంచి ప్రక్కకు పడి, తీగకు వ్రేలాడుచు, నాలుగు బారల దూరము నేలనీడ్చుకొని పోయెను. పిల్లలిద్దఱు పడిరి. మోచేతులు గీచుకొనిపోవుట తప్ప దెబ్బలు తగులలేదు. బ్యాటరీకి ఒక మూల సొట్ట పడెను; అంతకుమించి యేమియు కనబడలేదు. రాత్రి తండ్రి యథాప్రకారముగా దానిని వసారాలో, తలుపు ప్రక్కనే, ఛార్జికి పెట్టి పండుకొనెను. అర్ధరాత్రమున నాయనమ్మకు ఏదో తియ్యని, ఘాటైన వాసన సోకి మెలకువ వచ్చెను. చేయి పెట్టి చూడగా సంచి కాలుచుండెను. ఆమె కేకకు లేచిన కొడుకు ప్లగ్గు లాగి, వెదురుకఱ్ఱతో సంచిని పెరటిలోనికి నెట్టెను. అది బుసకొట్టి పొగలు గ్రక్కి అక్కడనే భగ్గుమనెను. ముసలితనమున నిద్ర పలుచనగుటను మనము కష్టమని చెప్పుకొందుము. ఆ రాత్రి ఆ పలుచని నిద్రయే యైదుగురిని కాపాడినది.

మఱునాటినుండి ఆ బాలిక పాఠశాలకు రాలేదు.

ఈ వార్త తెలిసిన పిమ్మట పెద్దలలో కొందఱు ఇట్టి సైకిళ్లను పాఠశాల ఆవరణలోనికి రానీయరాదనిరి. వారి భయము న్యాయమైనదే. కాని వారి తీర్పు న్యాయమైనది కాదని మా యభిప్రాయము. తాడు చాలదని నుయ్యి పూడ్చుకొందురా? గేటువద్ద సైకిలును నిషేధించినచో ఆ సైకిలు బజారులో నొక అంగడిముందు నిలుచును. లేదా పిల్ల యింటివద్ద నిలుచును. మొదటిదానివలన అపాయము తొలగదు, చోటు మాఱును. రెండవదానివలన చదువు తొలగును. ఆ రాత్రి దోషము సైకిలుది కాదు. పల్లె దూరముది కాదు. బ్యాటరీనొక మూటగా నెంచి కట్టిన మన తెలియమిది. తెలియమికి మందు నిషేధము కాదు, తెలివిడి.

బ్యాటరీ యనగానేమో ముందు తెలిసికొందము. 1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా లోహపుబిళ్లలను, ఉప్పునీట తడిపిన అట్టలను ఒకదానిపై నొకటి పేర్చి విద్యుత్ప్రవాహమును పుట్టించెను. నేటి సైకిలు బ్యాటరీ ఆ కుటుంబములోనిదే. కాని దాని శక్తి వేఱు. లిథియమ్ అయాన్ బ్యాటరీ 1991లో మొదటిసారి అంగడికి వచ్చినది. దాని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలు చేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్ర నోబెలు బహుమానము లభించినది. సామాన్యమైన 36 వోల్టుల సైకిలు బ్యాటరీని విప్పినచో లోపల వ్రేలిలావున నున్న చిన్న గొట్టములు కనబడును. ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. ఇట్టివి పది వరుసలు, వరుసకు నాలుగు చొప్పున, నలువది ఘటములను పలుచని నికెలు రేకులతో నదికియుందురు. వీనికి కాపలాగా నొక చిన్న విద్యుత్పలక యుండును. ఛార్జి మితిమీఱినను, మిక్కిలి తగ్గినను, ప్రవాహము హెచ్చినను అది దారిని మూసివేయును. కాని దెబ్బ తగిలి లోపలి పొర చినిగిన ఘటమును ఆ పలక బాగుచేయలేదు. కాపలావాడు దొంగను ఆపగలడు గాని కూలుచున్న గోడను ఆపలేడు గదా!

ఇట్టి 36 వోల్టుల, 10 ఆంపియరు గంటల బ్యాటరీలో 360 వాటు గంటల శక్తి యిమిడియుండును. గణితము చదివిన పై తరగతుల విద్యార్థులు లెక్కవేసి చూచుకొనవచ్చును. ఈ శక్తి 60 కిలోల మనుష్యుని 2,200 మీటర్ల యెత్తునకు, అనగా మన తూర్పు కనుమలలోని ఏ శిఖరముకంటెను ఎక్కువ యెత్తునకు, లేవనెత్తుటకు చాలును. ఇంతటి శక్తి రెండున్నర మొదలు మూడు కిలోల బరువుగల పెట్టెలో నిమిడియున్నది. అది మోటారు ద్వారా మెల్లగా గంటలకొలది వెలువడినచో మనకు సేవకుడు. లోపల ధ్రువములు రెండును తాకి, యొక ఘటము వేడెక్కి, ఆ వేడి ప్రక్క ఘటమునంటి, అది మఱియొకదానినంటి, అంతయు నొక్కమాఱుగా వెలువడినచో నిప్పు. రెండును ఒక్కటే శక్తి. భేదమంతయు అది వెలువడు తీరులోనే యున్నది.

ఇది యెక్కడనో జరుగు సంగతి యని యెవరును అనుకొనరాదు. 2022 ఏప్రిలు నెలలోనే నిజామాబాదు జిల్లాలో నొకచోట, విజయవాడలో నొకచోట, ఇంటిలో ఛార్జియగుచున్న స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్స్కూటర్ల విక్రయశాలలో పుట్టిన నిప్పుయొక్క పొగ పైనున్న హోటలు గదులకు వ్యాపించి 8 మంది చనిపోయిరి. న్యూయార్కు నగరమున 2023లో ఇట్టి బ్యాటరీల నిప్పువలన 18 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరమే ఆ నగరమువారు పరీక్షింపబడని బ్యాటరీలను, సైకిళ్లను అమ్మరాదని శాసనము చేసిరి. మన దేశమునను 2022 నాటి ప్రమాదముల తరువాత విద్యుద్వాహనముల బ్యాటరీల పరీక్షలు కఠినతరము చేయబడినవి.

ఐతే ఒక సంగతి గమనింపవలయును. మన మోటారు వాహన నిబంధనల ప్రకారము మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడియున్న బ్యాటరీ సైకిలు మోటారు వాహనముగా నెంచబడదు. దానికి నంబరుపలక అక్కఱలేదు. నడుపువారికి లైసెన్సు అక్కఱలేదు. ఇది పిల్లలకును పేదలకును మేలైన యేర్పాటే. కాని దీని ఫలితముగా పాతసైకిలునకు మోటారు కట్టించినప్పుడు ఆ పనిని పరీక్షించు అధికారి యెవడును లేడు. శాసనము చూడని చోట మనమే చూచుకొనవలయును. స్వేచ్ఛ యెచ్చట నిచ్చబడునో అచ్చట జాగ్రత్త కోరబడును.

ఇక బ్యాటరీని వెనుక క్యారియరుపై కట్టుట తగునా యను ప్రశ్న. తెలిసినవారు, సైకిలు ఫ్రేము మధ్యనున్న త్రికోణమే దానికి తగిన చోటందురు. అచ్చట బరువు క్రిందుగను, రెండు చక్రముల నడుమను ఉండును. కుదుపును తక్కువగా తగులును. మేమును దీనిని ఒప్పుకొందుము. కాని బాలికల సైకిలునకు ఆ త్రికోణమే లేదు. పావడాతోనో చుడీదారుతోనో సులభముగ నెక్కుటకై పైకమ్మిని వంచి క్రిందికి దించియుందురు. అట్టి సైకిలునకు క్యారియరు తప్ప వేఱు చోటు లేదు. అందువలన క్యారియరుపై కట్టరాదని చెప్పుట బాలికలు విద్యుత్సైకిలు ఎక్కరాదని చెప్పుటయే యగును. మేమట్లు చెప్పజాలము. కట్టవచ్చును, కట్టవలసినట్లు కట్టవలయును.

మొదట బరువు సంగతి. క్యారియరుపై పెట్టిన బరువు ఎత్తుగను, వెనుకగను ఉండును. ఎత్తుగానుండుటచే స్టాండు వేయునపుడును, మలుపు తిరుగునపుడును సైకిలు ప్రక్కకు ఒఱగజూచును. వెనుకగానుండుటచే ముందు చక్రము తేలికయై, ఎత్తెక్కునపుడు హ్యాండిలు నిలుకడ తప్పును. మోటారుకూడ వెనుక చక్రముననేయున్నచో బరువంతయు ఒకచోటనే చేరి వెనుక చక్రపు చువ్వలు తెగుట తఱుచు చూచుచున్నాము. కావున వెనుక టైరున గాలి యెప్పుడును తగ్గనీయరాదు. గాలి తగ్గిన చక్రము గోతిలో పడినపుడు ఆ దెబ్బ నేరుగా క్యారియరునకును, క్యారియరునుండి బ్యాటరీకిని తగులును. నడుపువారిని జీనుక్రింది స్ప్రింగులు కొంత కాపాడును. క్యారియరునకు స్ప్రింగులు లేవు.

రెండవది క్యారియరు బలము. అనేక క్యారియర్లపై 25 కిలోలని ముద్రింపబడియుండును. పదేండ్ల పిల్లవాని బరువే ఆ మితికి చేరును, లేదా దాటును. దానికి తోడు బ్యాటరీ బరువు. మా బాలిక సైకిలుపై ఈ రెండును ఒకదానిపై నొకటి యుండెను. ఇచ్చటనే మేము మిక్కిలి గట్టిగా చెప్పదలచిన మాటయున్నది. బ్యాటరీయున్న క్యారియరుపై మనుష్యుని కూర్చుండబెట్టరాదు. పలుచని పొర చుట్టిన బ్యాటరీపై నసలే కూర్చుండబెట్టరాదు. మూటలోని ఘటములు బరువునకు నలుగును. వాని నడుమనున్న రేకులు వంగును. వంగిన రేకు ఒకనాడు తాకరాని చోట తాకును. ఒడిలో నిప్పు కట్టుకొన్నట్లని మనవారు సామెత చెప్పుదురు. తమ్ముని నిప్పుపై కూర్చుండబెట్టుట దానికంటె ఘోరము. తమ్ముని తెచ్చుట తప్పదనినచో అతనికి వేఱు సాధనము చూడవలయును. ఆ భారము అక్కది కాదు, పెద్దలది.

మూడవది కట్టు. ట్యూబు ముక్క సాగును. సాగునది బిగువు కాదు. వానకు జాఱును, ఎండకు పెళుసగును. క్యారియరుపైనుండు స్ప్రింగు పట్టెడ పుస్తకములకొఱకును, అన్నపు డబ్బాకొఱకును చేయబడినదే గాని మూడు కిలోల బ్యాటరీకొఱకు కాదు. అది క్రిందికి నొక్కగలదు గాని ప్రక్కకు జాఱకుండ పట్టలేదు. క్యారియరుకొఱకే తయారైన బ్యాటరీ గట్టిపెట్టెలోనుండి, పట్టాలవంటి గాడిలో జొనుపబడి, తాళముతో బిగియును. అట్టిది కొనగలిగినవారు దానినే కొనవలయును. కొనలేనివారు ఒక గట్టి పెట్టె చేయించవలయును. మందమైన ప్లాస్టికు పెట్టెయైనను, రేకుపెట్టెయైనను చాలును. రేకుపెట్టెయైనచో లోపలంతయు విద్యుత్తును పోనీయని మందపు రబ్బరుపట్టా అంటింపవలయును. పెట్టె అడుగున క్యారియరు కమ్ములను చుట్టిపట్టు దళసరి పట్టీలు పెట్టి నాలుగు మూలల బోల్టులతో బిగింపవలయును. బోల్టుల తలలు లోపలికి పొడుచుకొని రాకూడదు. బ్యాటరీ చుట్టును, అడుగునను గట్టి స్పాంజి పెట్టి, అది లోపల కదలకుండునట్లు చేయవలయును. కదలని బ్యాటరీయే క్షేమమైన బ్యాటరీ. పెట్టెను పట్టి ఊపినప్పుడు సైకిలంతయు ఊగవలయును గాని పెట్టె యొక్కటే ఊగరాదు. దీనికంటె సులభమైన పరీక్ష లేదు.

పెట్టె యెంత గట్టిదైనను, దానిని మోయు క్యారియరు ఊచలు వదులైనచో ప్రయోజనము లేదు. ఊచలు ఇరుసువద్ద నొక నట్టుతోను, జీనువద్ద నొక పట్టీతోను బిగింపబడియుండును. కుదుపులకు ఈ నట్లు దినదినమును వదులగుచుండును. వారమునకొక మాఱు, ఆదివారముననో శనివారముననో, పానాతో వానిని బిగించుట యొక అలవాటు కావలయును. అయిదు నిమిషముల పని. సైకిలు తుడుచు పిల్లవానికి ఇది భారము కాదు.

నాలుగవది తీగలు. బ్యాటరీకంటె ముందు చెడునది తీగ. క్యారియరు అంచునకు రాసికొని పైతొడుగు అఱిగిపోయిన తీగ వానలో తడిసినచో ధ్రువములు రెండును కలియును. కావున లోహపు అంచు తగులుచోటనెల్ల తీగకు రబ్బరు గొట్టము తొడుగవలయును. తీగను చక్రపు చువ్వలకు దూరముగ, ఫ్రేమును అంటియుండునట్లు కట్టవలయును. అది పెట్టెలోనికి ప్రవేశించుచోటు ప్రక్కననో అడుగుననో ఉండవలయును గాని పైన ఉండరాదు. తీగను ప్రవేశమునకు ముందు కొంచెము క్రిందికి వంపు తిప్పినచో వాననీరు ఆ వంపువద్ద బొట్టుబొట్టుగా కాఱిపోవునే గాని లోపలికి ప్రవేశింపదు. మన పెంకుటిండ్ల చూరు చేయు పనియే ఇది.

ఇక ఎండ. మన రెంటచింతల, రామగుండము ప్రాంతముల వేసవిని ఎఱుగని వారెవరు? నీడలోనే 45 డిగ్రీలు దాటు దినములుండును. నల్లని పెట్టె ఎండలో నిలిచినచో దాని వేడి గాలివేడిని చాల మించును. ఇట్టి ఘటములను సామాన్యముగా 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయరాదనియు, 60 డిగ్రీలకు మించిన వేడిలో వాడరాదనియు తయారుచేయువారు నిర్ణయించియున్నారు. అందువలన మధ్యాహ్నపు టెండలో ఇంటికి చేరినవెంటనే బ్యాటరీని ఛార్జికి పెట్టుట తప్పు. చెమటపట్టి వచ్చిన ఎద్దును వెంటనే కాడికి కట్టము గదా. దానిని నీడలో నొక గంటయైన చల్లారనిచ్చి పిమ్మట ఛార్జికి పెట్టవలయును. సైకిలును చెట్టునీడలోనో చావడిలోనో నిలుపవలయును. పెట్టెపై తెల్లని గుడ్డ కప్పుటయు కొంత మేలు.

వాన విషయమున కొందఱు బ్యాటరీని ప్లాస్టికు సంచిలో పెట్టి గాలి చొరకుండ మూతిముడి వేయుదురు. ఇదియును సరికాదు. లోపలి వేడికి పుట్టిన ఆవిరి అందులోనే నీరై నిలుచును. పైననుండి నీరు పడనీయకుండ కప్పు, అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రము, ఇవి రెండునున్న పెట్టె ముడివేసిన సంచికంటె మేలు. నీటమునిగిన కాలువదారిలో సైకిలును త్రొక్కుకొని పోరాదు. దిగి నడిపించుకొని పోవలయును. నీటిలో మునిగిన బ్యాటరీ ఎండిన తరువాత బాగుగానున్నట్లు కనబడినను నమ్మదగినది కాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. క్రిందపడిన బ్యాటరీని ఆ రాత్రి ఛార్జి చేయరాదు. సొట్ట, ఉబ్బు, వేడి, వాసన, బుసధ్వని, ఈ యైదింటిలో ఏ యొక్కటియున్నను అది బ్యాటరీ కాదు, అంటుకొననున్న చితుకులకుప్ప. దానిని ఇంటికి దూరముగ, ఎండయు వానయు తగులని చోట, ఇటుకలమీదనో మట్టిమీదనో ఉంచి, తెలిసిన మెకానిక్కునకు చూపవలయును. అతడు పనికిరాదన్నచో చెత్తకుప్పలో పాఱవేయరాదు. 2022 నాటి నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరింపజేయు బాధ్యత తయారుచేయువారిది. కావున అమ్మినవానికే చేర్చవలయును. ఒకవేళ పొగలు వచ్చినచో దగ్గఱకు పోరాదు. ఆ పొగలో విషవాయువులుండును. మనుష్యులను వెలుపలికి తెచ్చి 101నకు ఫోను చేయుటయే మొదటి పని. వస్తువులు పిమ్మట.

మంచి బ్యాటరీనైనను ఛార్జిచేయు చోటు చూచుకొనవలయును. మంచముమీద కాదు, పఱుపు ప్రక్కన కాదు, అందఱును నిద్రించు వేళ కాదు. ఇల్లు వెడలు ద్వారమువద్ద నసలే కాదు. నిప్పు పుట్టినచో పాఱిపోవు దారినే అది మూసివేయును. సాయంకాలము, మనుష్యులు మేలుకొనియుండగా, గచ్చునేలపై పెట్టుట మంచిది. ఛార్జరు విషయమున మఱియొక జాగ్రత్త. 36 వోల్టుల బ్యాటరీకి 42 వోల్టుల ఛార్జరును, 48 వోల్టుల దానికి 54.6 వోల్టుల ఛార్జరును ఉండును. రెండింటి పిన్నులును ఒక్కతీరుననే యుండవచ్చును. పిన్ను పట్టినంతమాత్రమున ఛార్జరు తగినదని కాదు. అన్నదమ్ముల ఛార్జర్లు మాఱిపోకుండ వానిపై రంగుకాగితము అంటించుకొనుట మేలు. వేసవి సెలవులలో సైకిలు వాడనిచో బ్యాటరీని పూర్తిగా నింపియు, పూర్తిగా ఖాళీచేసియు ఉంచరాదు. సగము ఛార్జితో చల్లని పొడిచోట ఉంచి, నెలకొకమాఱు చూచుచుండవలయును.

ఇన్ని జాగ్రత్తలు పేదవారికి సాధ్యములా యని కొందఱు మమ్ము అడిగిరి. మేము పైన చెప్పినవానిలో ఎన్నిటికి డబ్బు కావలయునో లెక్కించి చూడుడు. పెట్టెకు కావలయును, స్పాంజికి కావలయును, రబ్బరు గొట్టమునకు కావలయును. తక్కినవన్నియు, నీడలో నిలుపుట, నట్లు బిగించుట, చల్లారనిచ్చుట, తలుపువద్ద పెట్టకుండుట, పడినదానిని ఛార్జి చేయకుండుట, ఇవి యన్నియు ఉచితములు. మా బాలిక తండ్రి చౌకబ్యాటరీని కొనుట లోభము కాదు. ఉన్నదానిలో కూతురికి చేయగలిగినది చేసెను. కాని పడిన బ్యాటరీని ఛార్జి చేయరాదను ఒక్కమాట, కాసు ఖర్చులేని మాట, అతనికి చెప్పినవారు లేరు. అమ్మినవాడు చెప్పలేదు. బిగించినవాడు చెప్పలేదు. ప్రతిదినమును చావడిలో ఆ సంచిని చూచుచున్న మేమును చెప్పలేదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు ఇప్పుడు వ్రాయుచున్నాము. ఈ వ్రాతలో మా తప్పొప్పుకోలుకూడ నున్నదని చదువరులు గ్రహింతురుగాక.

కావున మేము కోరునదేమనగా: తలిదండ్రులు సైకిలునకు మోటారు కట్టించునపుడు వెల యొక్కటే యడుగక, బ్యాటరీ యే పెట్టెలోనున్నదో, ఎట్లు బిగింతురో, దానికి తగిన ఛార్జరేదో అడుగవలయును. పాఠశాలవారు సైకిళ్ల చావడిలో విద్యుత్సైకిళ్లకొక నీడపట్టు ప్రత్యేకించి, వసతిగృహపు గదులలో బ్యాటరీలు ఛార్జి చేయుటను మాన్పి, దానికొఱకు గచ్చునేలయు గాలియు గల ఒక గదిని, చూచుటకొక మనుష్యుని ఏర్పఱుపవలయును. నెలకొకమాఱు విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు పై తరగతుల పిల్లలతో కలిసి ప్రతి సైకిలు వెనుక పెట్టెను ఊపి చూడవలయును. ప్రయోగశాలలో ఓము నియమమును నేర్చిన బాలునకు చావడిలో అఱిగిన తీగను గుర్తించుటకంటె మంచి పరీక్ష యేమున్నది? ఇక విద్యార్థులు ఒక్కటి చేయవలయును. స్నేహితుని బ్యాటరీ వదులుగా కనబడినచో నవ్వి ఊరకుండక చెప్పవలయును. క్రిందపడినచో ఇంటిలో దండింతురను భయముచే దాచక పెద్దలకు చెప్పవలయును. దాచిన సొట్టయే రాత్రి నిప్పగును.

ఆ బాలిక విషయము చెప్పి ముగించెదము. ఆమె మూడు వారములు పాఠశాలకు రాలేదు. పిమ్మట కొంతకాలము పొరుగూరి పాలబండిలో తెల్లవాఱకముందే బయలుదేఱి, గంట కొట్టుటకు గంటన్నర ముందే వచ్చి వరండాలో చదువుకొనుచు కూర్చుండెడిది. సంక్రాంతి పిమ్మట మరల సైకిలుపై వచ్చెను. వెనుక తండ్రి తన చేతితో చేసిన రేకుపెట్టె. లోపల రబ్బరు, స్పాంజి. నాలుగు మూలల బోల్టులు. తాపీపని చేయు చేయి గనుక మూలలు సరిగా కుదిరినవి. తమ్ముడు ఆ పెట్టెపై లేడు. అతనిని మేనమామ పాత సైకిలుపై తెచ్చుచున్నాడు. మేము వెళ్లి ఆ పెట్టెను పట్టి ఊపి చూచితిమి. సైకిలంతయు ఊగినది గాని పెట్టె కదలలేదు. ఆ బాలిక నవ్వి, “మా నాయనమ్మ రోజూ అలాగే ఊపి చూస్తుందండీ” యనెను.

ప్రతి యింటను అట్టి నాయనమ్మ యొకతె మేలుకొనియుండునని మనము నమ్మియుండరాదు. ఆమె చేయు పనిని మనమందఱము నేర్చుకొనవలయును.